గుండె ధమనుల పూడిక - వయస్సు లెక్క
(మన సంఘ సభలో ఒక వర్తక సభ్యుడు చేసిన ఉపన్యాస పాఠము)



నేను వైద్యుడను కాను. మెట్రిక్యులేషను వరకు చదివి, ఇరువది యేండ్లకు పైగా దుకాణమున త్రాసు పట్టినవాడను. ఐనను ఈ విషయమును మీ ముందుంచుటకు కారణము కలదు. గత సంవత్సరము మా పెదనాన్నగారును నేనును ఒకే దినమున గుండెకు సి.టి. స్కాను తీయించుకొంటిమి. ఆయనకు 74 ఏండ్లు, నాకు 46. ఆయన లెక్క 180, నా లెక్క 40. నేను లోలోన సంతసించితిని. డాక్టరుగారు మాత్రము కాగితములు రెండును చూచి, నన్నే కూర్చుండుమనిరి.

ఆ లెక్క యేమో చెప్పెదను. గుండెకు రక్తము నందించు ధమనుల గోడలలో కొవ్వు చేరి పూడికగా పెరుగును. ఏండ్లు గడచిన కొలది దానిలో కొంత భాగమున కాల్షియము చేరి గట్టిపడును. ఈ స్కాను కొలుచునది ఆ గట్టిపడిన భాగమునే. కొలుచు పద్ధతిని 1990లో ఆర్థర్ అగట్‌స్టన్ అను అమెరికా వైద్యుడును, ఆయన సహచరులును ప్రకటించిరి.

డెబ్బది దాటిన పురుషులలో ఈ కాల్షియము లేనివారు కొద్దిమందియే. పెదనాన్నగారి 180 ఆ వయస్సునకు నడిమి రకము. నా యీడువారిలో పెక్కుమందికి సున్నయే వచ్చును. కావున నా 40 చిన్న అంకె కాదు. పూడిక తొందరపడి మొదలైనదనుటకు సాక్ష్యము. 2017లో వెలువడిన అమెరికా పరిశోధన యొకటి కలదు. 32 నుండి 46 ఏండ్ల నడుమ కాల్షియము ఏ కొంచెము కనబడినవారికిని, కనబడనివారికంటె, తరువాతి పండ్రెండున్నర యేండ్లలో గుండెజబ్బు సుమారు అయిదురెట్లు ఎక్కువగా వచ్చెను.

అంతమాత్రమున పెదనాన్నగారికి భయము లేదనుకొనరాదు. రాబోవు కొలది యేండ్ల అపాయము ఆయనకే ఎక్కువ. వయస్సే అందుకు పెద్ద కారణము. నాది ముందుముందు పెరుగు బాకీ. చక్రవడ్డీ యెరిగిన వర్తకులకు ఈ తేడా వివరింప నక్కరలేదు.

ఇంకొక మెలిక కలదు. డెబ్బది యేండ్ల వానికి సున్న వచ్చినచో అది గొప్ప ఊరట. పడుచువానికి వచ్చినచో అంత ఊరట కాదు. చిన్నవయస్సున పూడిక తరచు మెత్తగా నుండును. ఈ స్కానుకు అది చిక్కదు. ఆ మెత్తని పూడిక చిట్లి, అచ్చట రక్తము గడ్డకట్టి గుండెపోటు వచ్చుట కలదు. కొరియా యుద్ధమున మరణించిన 300 మంది అమెరికా సైనికుల గుండెలను పరీక్షించి 1953లో ఒక నివేదిక ప్రకటించిరి. సగటున 22 ఏండ్ల ఆ యువకులలో నూటికి 77 మంది ధమనులలో ఏదో యొక మేరకు జబ్బు కనబడెను. మన దక్షిణాసియా వారి సంగతి మరియును గమనింపదగినది: 2007లో వెలువడిన పరిశోధనలో మనవారి మొదటి గుండెపోటుకు సగటు వయస్సు 53, ఇతర దేశములవారికి సుమారు 59.

మన యిండ్లలో పరీక్షలన్నియు పెద్దలకే. తండ్రిని ఆస్పత్రికి తోడుకొని వచ్చిన కుమారుడు వెలుపల చెట్టుక్రింద నిలిచి సిగరెట్టు కాల్చుచుండును. నేను అట్టివాడనే.

స్కాను అందరికిని అక్కరలేదు; ఎవరికి కావలెనో వైద్యులు నిర్ణయింతురు. రక్తపోటు, చక్కెర, కొలెస్టరాలు చూపించుకొనుటకు మాత్రము నలుబది దాటువరకు ఆగనక్కరలేదు. నాకు డాక్టరుగారు కొలెస్టరాలు తగ్గించు మాత్రలు వ్రాసిరి, పొగ మాన్పించిరి. మా తమ్మునికి 38 ఏండ్లు. ఈ సభలోనే వెనుక వరుసలో నున్నాడు. రేపు ఉదయము పరగడుపున రక్తపరీక్షకు నాతో వచ్చుటకు ఒప్పుకొన్నాడు.