యంత్రం చెప్పిన తీర్పు
2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో ఇద్దరు న్యాయవాదులు చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను నిజమైనవిగా ఉదహరించారు. ఆ తీర్పులు ఏ సంపుటంలోనూ లేవు. న్యాయమూర్తి 5,000 డాలర్ల జరిమానా విధించారు. యంత్రాన్ని వాడినందుకు కాదు. సరిచూడక సమర్పించి, అనుమానం వచ్చాక కూడా సమర్థించుకున్నందుకు.

కృత్రిమ మేధ పదాల పొందికను బట్టి వాక్యం అల్లుతుంది. ఆ తీర్పు ఉన్నదో లేదో విచారించదు. అందుకే కేరళ హైకోర్టు 2025 జులైలో, జిల్లా న్యాయస్థానాలు తీర్పు నిర్ణయానికి దానిని వాడరాదని నిర్దేశించింది.

కన్నడంలోనో తమిళంలోనో వచ్చిన కోర్టు నోటీసును ఫోన్‌లో తెలుగు చేసుకొనేవారు వాయిదా తేదీని మూలప్రతిలోనే చూసుకోవాలి. వకీలు ఉదహరించిన తీర్పు ప్రతిని అడగడం నామోషీ కాదు. వాయిదా తప్పితే నష్టపోయేది యంత్రం కాదు, కక్షిదారు.