నాగలికి తగిలిన బంగారం
(పూర్వ విద్యార్థుల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



ఇంజనీరును కదా అని నన్ను డ్యాముల గురించి మాట్లాడమన్నారు. నేను రోమన్ బంగారు నాణేల గురించి మాట్లాడతాను. ఎందుకో చివర్లో చెప్తాను.

1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతుంటే నాగలికి ఇటుకల కట్టడం అడ్డు తగిలింది. తవ్వి చూస్తే పాత గుడి శిథిలం, దాని కింద చిన్న కుండ. కుండలో రోమన్ నాణేలు! ఆయన పాత బంగారం కింద అమ్మేశాడు. చాలా కరిగిపోయాయి. ముప్పైకి పైగా నవాబు ఇంటికి చేరి మిగిలాయి. వాటి మీద చక్రవర్తులు ట్రాజన్, హేడ్రియన్, రాణి ఫాస్టీనా ముఖాలున్నాయి. కొన్నింటికి బెజ్జాలున్నాయి. అంటే మన అమ్మమ్మల కాసులపేరు లాగా ఎవరో మెడలో వేసుకున్నారన్నమాట.

ఆ నాణెం పేరు ఆరియస్. 7, 8 గ్రాముల బంగారం. 25 వెండి దీనారియస్‌లకు సమానం. మన ‘దీనారం’ ఆ మాట నుంచి వచ్చిందే. టిబేరియస్ నాణెం చూడండి: ఒకవైపు తలకు ఆకుల దండ చుట్టుకున్న చక్రవర్తి, రెండోవైపు రాజదండం, కొమ్మ పట్టుకుని కూర్చున్న స్త్రీ. పత్రికలు లేని రోజుల్లో పాలకుడెవరో జనానికి చెప్పింది నాణెమే. మన మిరియాలు, ముత్యాల కోసం ఏటా 5 కోట్ల సెస్టర్స్‌లు భారతదేశానికి పోతున్నాయని రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు. ఎక్కడో కాదు, మన పెద్దపల్లి పక్కన పెద్దబంకూరు తవ్వకాల్లోనూ శాతవాహన నాణేలతోపాటు రోమన్ నాణేలు దొరికాయి.

ఇప్పుడు నా సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కాలువ పనిలో కూలీల గడ్డపారకు ముంత తగిలింది. ఒక నాణెం తుడిచి చూశాను. ఏదో బొమ్మ ఉంది. పై వాళ్లకు చెబితే పని ఆగుతుందని ఊరుకున్నాను. మర్నాటికి అన్నీ కొలిమిలో కరిగిపోయాయి. అవి ఎవరి నాణేలో ఇక ఎవరూ చెప్పలేరు. కూలీలను ఏమీ అనను. నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 చట్టం ఉంది. అది తెలియాల్సింది నాకు. నెల్లూరు రైతుకు చెప్పేవాళ్లు లేరు. నాకు శాతవాహనుల పాఠం ఈ బడిలోనే చెప్పారు.

పిల్లలూ, కరిగిస్తే బంగారం బరువు ఎక్కడికీ పోదు. పోయేది బొమ్మే. మీ చేతికి ముంత దొరికిన రోజు నాలా ఊరుకోకండి.

సెలవు.