చక్కెర జబ్బు: మనం అడగవలసిన పరీక్షలు



చక్కెర జబ్బు కళ్ళను, మూత్రపిండాలను ఎలా దెబ్బతీస్తుంది? రక్తంలో ఎక్కువైన చక్కెర మాంసకృత్తులకు అంటుకుంటుంది. రొట్టె కాలేటప్పుడు ఎర్రబడటం కూడా ఇలాంటి చర్యే. ఒంట్లో ఇది ఏళ్ల తరబడి నెమ్మదిగా సాగుతుంది. రక్తనాళాల గోడల్లోని కొల్లాజెన్ పోగులు ఒకదానికొకటి అతుక్కుని బిరుసెక్కుతాయి. సన్నని నాళాలు పాడవడానికి ఇదొక్కటే కారణం కాదు గానీ, ముఖ్యమైన వాటిలో ఒకటి.

ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. అందుకే దానిలోని హిమోగ్లోబిన్‌కు అంటిన చక్కెరను కొలిచే హెచ్‌బిఎ1సి పరీక్ష గత రెండు మూడు నెలల సంగతి చెబుతుంది.

ఆడవాళ్ల విషయంలో ఇక్కడొక చిక్కుంది. ఇనుము లోపంతో రక్తహీనత ఉంటే ఈ అంకె ఉన్నదానికన్నా ఎక్కువ రావచ్చు. ఈమధ్యే బాగా రక్తం పోయి ఉంటే తక్కువ రావచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. కాబట్టి ఆ అంకె ఒక్కటే చూసి సరిపెట్టుకోకూడదు. రక్తహీనత పరీక్ష, పరగడుపు చక్కెర పరీక్ష కూడా చేయమని అడగాలి. జబ్బు ఉన్నవాళ్లకు ఏటా కళ్ళు, మూత్రం, పాదాలు పరీక్షించాలి. ఇది ఎవరో చూపే దయ కాదు, మన హక్కు.