ఇంటిల్లిపాదీ ఆరోగ్యం – ఏడాది పొడవునా
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



నన్ను ఆరోగ్యం గురించి మాట్లాడమంటే, "మన పిల్లల్లో డాక్టర్లయినవాళ్ళు ఉన్నారు కదా, నేనెందుకు?" అన్నాను. "నీ అనుభవమే చెప్పు" అన్నారు సంఘం వాళ్ళు. చెబుతాను. అది గొప్పగా చెప్పుకునే అనుభవం మాత్రం కాదు.

ముప్పై ఏళ్ళుగా నా పని ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్. మోటారు ఆగిపోకముందే బేరింగు చూడాలి, గ్రీజు పెట్టాలి, తేదీ వేసి రిజిస్టర్లో సంతకం చేయాలి. బాగా తిరుగుతున్న యంత్రాన్నే చూడాలన్నది మా మొదటి పాఠం.

మా నాయన కోటలోనే ఉండేవారు. ఆయనకు బీపీ ఉందని తెలిశాక నెలనెలా మాత్రలు నేనే బెంగళూరు నుంచి తెచ్చి ఇచ్చేవాణ్ణి. ప్రతి ఆదివారం ఫోన్ చేసి "బాగుండావా నాయనా?" అంటే "బాగుండా" అనేవారు. ఆ మాటతో సరిపెట్టుకునేవాణ్ణి. ఒకరోజు తెల్లవారుజామున ఆయనకు కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. మాట పోయింది. ఎండ ఎక్కితే సర్దుకుంటుందిలే అని ఇంట్లోవాళ్ళు మధ్యాహ్నం దాకా చూశారు. ఆ తర్వాత నాలుగేళ్ళు ఆయన మంచం మీదే ఉన్నారు. అమ్మ ముద్ద కలిపి తినిపించేది.

ఆ నాలుగేళ్ళలో ఒకనాడు గూట్లో పాత బిస్కెట్ డబ్బా కనబడింది. నేను తెచ్చిచ్చిన మాత్రల అట్టలు అందులో చింపకుండా ఉన్నాయి. అమ్మను అడిగితే, "బాగానే ఉండాను కదా, ఊరికే ఎందుకు మింగేది అంటా ఉండె" అంది. ఫ్యాక్టరీలో వందల మోటార్లకు సంతకాలు పెట్టిన నేను, మా నాయన మాత్రల అట్టను ఒక్కసారి కూడా చూడలేదు.

ఈ సందర్భంగా మన జిల్లావాళ్ళకు తెలిసిన ఒక ఊరిపేరు చెప్పాలి. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం. క్షయకు మందే లేని రోజుల్లో, 1915లో, అక్కడ శానిటోరియం మొదలైంది. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, ఇవే అప్పటి వైద్యం. తర్వాత మందులు వచ్చాయి. 1956లో మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం ఏర్పడింది. అక్కడ కొందరు రోగులకు శానిటోరియంలో, కొందరికి వాళ్ళ ఇళ్ళలోనే ఏడాదిపాటు అవే మందులు ఇచ్చి చూశారు. ఇళ్ళలో ఉన్నవాళ్ళు పేదవాళ్ళు, ఇరుకు గదులు, తిండి అంతంతమాత్రం. అయినా ఫలితాలు ఇద్దరికీ దాదాపు ఒకటే వచ్చాయి. 1959లో అచ్చయిన ఆ ఫలితాలతో ప్రపంచమంతటా క్షయ వైద్యం ఇంటికి మారింది. పెద్ద భవనం లేకపోయినా జరుగుతుంది, మందు తప్పకుండా పడాలి. నాకు అర్థమైంది ఇదే. ఇంటి ఆరోగ్యం గొప్ప ఖర్చులో లేదు, తప్పకుండా చేయడంలో ఉంది.

ఇప్పుడు మా ఇంట్లో ఏం చేస్తున్నామో చెబుతాను. వంటింటి తలుపు వెనక ఒక నోటుబుక్కు వేలాడుతుంది. ఉగాదికి, దీపావళికి పెద్దవాళ్ళందరికీ బీపీ, షుగరు చూసి అందులో రాస్తాం. బీపీ 140/90 దాటినా, పరగడుపున షుగరు 126 దాటినా డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. ఈ రెండూ నొప్పి పుట్టించవు కాబట్టి కొలిస్తే తప్ప తెలియవు.

ఉప్పు లెక్క కూడా వేశాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకు 5 గ్రాములు మించొద్దంటుంది. నలుగురున్న ఇంటికి నెలకు 600 గ్రాములు. మా ఇంట్లో కిలో ప్యాకెట్ నెల తిరక్కముందే అయిపోయేది! ఊరగాయలు, ఊరుబిండి తగ్గించాక ఇప్పుడు నెలన్నర వస్తోంది.

తిండి మన ఊరిదే. రాగిపిండి 100 గ్రాముల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అన్ని పాలల్లో ఉండేది 120 చిల్లర. అయితే షుగరున్నవాళ్ళకు సంగటి ముద్ద కూడా కొలతగానే ఉండాలి. పక్కన ఆకుకూర, ఉలవచారు, చలికాలంలో పితికిపప్పు ఎక్కువగా వేసుకోవాలి.

మనవైపు నీళ్ళు డ్రమ్ముల్లో పట్టుకోక తప్పదు. డెంగీ దోమ పెట్టేది ఆ మంచినీళ్ళలోనే. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. అందుకే వానాకాలంలో ప్రతి శనివారం డ్రమ్ములు, కూలర్లు ఒంపి, రుద్ది కడుగుతాం. ఎండాకాలంలో పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే, కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి మాటిమాటికీ తాగిస్తాం. చలికాలంలో బీపీ కాస్త పెరుగుతుంది కాబట్టి అప్పుడు ఇంకోసారి చూస్తాం.

ఒక్క మాట మరువొద్దు. ముఖం ఒక పక్కకు లాగినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి. గడ్డను కరిగించే మందు పనిచేసేది మొదటి నాలుగున్నర గంటల్లోనే. మా నాయనకు ఆ గంటలు ఇంట్లోనే గడిచిపోయాయి.

మా డ్రిల్లు అయ్యవారు సోమవారం ప్రేయర్లో వరసగా గోళ్ళు చూసేవారు. ఒక్క వారం కూడా తప్పలేదు. ఆయన "బాగుండారా?" అని అడగలేదు, చేతులు చాపమనేవారు. నాకది అర్థమయ్యేసరికి యాభై ఏళ్ళు వచ్చాయి.

అమ్మకు ఇప్పుడు డెబ్బై ఎనిమిది. ఆమెకూ బీపీ ఉంది. రాత్రి ఫోన్ చేసినప్పుడు, "అమ్మా, ఈ పొద్దు మాత్ర వేసుకుంటివా? అట్టలో ఇంకా ఎన్నుండాయి?" అని అడుగుతాను. "లెక్కలయివారు మాదిరి తగులుకున్నావే" అని విసుక్కుంటూనే ఎన్నో చెబుతుంది. ఈ రాత్రి ఇంటికి వెళ్ళి మీరూ మీ పెద్దవాళ్ళను అట్ట చూపించమనండి.

సెలవు.