బండి నడిపే చేతికి ఫోను ఎందుకు?
(సొసైటీ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసకుణ్ణి కాను. ముప్పై ఒక్క సంవత్సరాలు ఆర్టీసీ బస్సు నడిపి రిటైరైన డ్రైవరును. స్టీరింగు పట్టుకోవడం వచ్చినంతగా మైకు పట్టుకోవడం రాదు. తప్పులుంటే మన్నించండి. కార్యదర్శి గారు "రోడ్డు మీద జాగ్రత్తల గురించి నాలుగు మాటలు చెప్పండి భాయ్" అన్నప్పుడు ముందు వద్దన్నాను. తర్వాత ఆలోచిస్తే, ఈ మాట చెప్పవలసిన బాధ్యత అందరికన్నా నాకే ఎక్కువగా ఉందనిపించింది. ఎందుకో చివర చెబుతాను.

మన దేశంలో ఒక్క 2022 సంవత్సరంలోనే రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయారని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. ఇందులో వేగం ఉంది, తాగుడు ఉంది, గుంతల రోడ్లున్నాయి. వాటితోపాటు మన జేబులో ఉన్న ఫోను కూడా ఉంది. తాగి నడిపేవాణ్ణి చూస్తే మనం ఛీ అంటాం. ఫోన్లో మాట్లాడుతూ నడిపేవాణ్ణి మాత్రం "పాపం, ఎంత తీరికలేదో" అనుకుంటాం. తేడా అక్కడే వస్తున్నది.

ఒక చిన్న లెక్క చూడండి. బండి గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకుందాం. అంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. ఎవరు చేశారో చూద్దామని మూడు సెకన్లు తల వంచితే 42 మీటర్లు కళ్ళు మూసుకొని నడిపినట్టే. ఆ 42 మీటర్లలో బడి విడిచిన పిల్ల రావచ్చు, గేదె రావచ్చు, ముందు ఆటో ఆగిపోవచ్చు.

"నేను చేత్తో పట్టుకోను, చెవిలో పెట్టుకొని మాట్లాడతాను గదా" అని కుర్రవాళ్ళు అంటారు. కెనడాలోని టొరంటోలో పరిశోధకులు 699 మంది డ్రైవర్ల ఫోను బిల్లులు, ప్రమాదం జరిగిన సమయాలు సరిచూసి 1997లో ఒక వ్యాసం ప్రకటించారు. ఫోను వాడుతున్నప్పుడు ప్రమాదం జరిగే అవకాశం దాదాపు నాలుగు రెట్లని తేలింది. చేత్తో పట్టుకోకుండా మాట్లాడినవారికి ప్రత్యేకించి రక్షణేమీ కనపడలేదు. కారణం కష్టమైనది కాదు. చేతులు ఖాళీగానే ఉంటాయి, మనసు ఖాళీగా ఉండదు. కళ్ళు తెరిచే ఉంటాయి, ఎదుట ఉన్నది మాత్రం బుర్రకెక్కదు.

పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడటం లేదా అని అడగవచ్చు. పక్కనున్నవాడికి కూడా రోడ్డు కనిపిస్తుంది. లారీ అడ్డం వస్తే మాట ఆపేస్తాడు, "జాగ్రత్త" అంటాడు. ఫోన్లో ఉన్నవాడికి ఆ లారీ కనపడదు. అతను మాట్లాడుతూనే ఉంటాడు.

2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలాలేని రైల్వే గేటు వద్ద బడి బస్సును రైలు ఢీకొన్నది. పదిమందికి పైగా చిన్నారులు పోయారు. డ్రైవరు ఫోన్లో మాట్లాడుతున్నాడని బతికిన పిల్లలు చెప్పినట్లు పత్రికలు అప్పట్లో రాశాయి. ఆ డ్రైవరు కూడా బతకలేదు. అది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

ఇక చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ 2019 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. 184వ సెక్షను కింద, చేత్తో ఫోను వాడుతూ ప్రమాదకరంగా నడిపితే మొదటిసారి ఆరు నెలలనుంచి ఏడాది దాకా జైలు, లేదా వెయ్యినుంచి ఐదువేల రూపాయల జరిమానా, లేదా రెండూ వేయవచ్చు. మూడేళ్ళలోపు మళ్ళీ అదే తప్పు చేస్తే రెండేళ్ళదాకా జైలు, లేదా పదివేలు జరిమానా, లేదా రెండూ. మన ఇళ్ళ పిల్లలెందరో దుబాయిలో డ్రైవర్లుగా ఉన్నారు. అక్కడ ఫోను పట్టుకొని నడిపితే 800 దిర్హాములు జరిమానా, లైసెన్సు మీద నాలుగు నల్ల పాయింట్లు. అక్కడ బుద్ధిగా నడిపే మనవాడే సెలవుకు ఇంటికొస్తే హెల్మెట్టులో ఫోను దోపుకొని తిరుగుతున్నాడు. భయం జరిమానాకేనా, ప్రాణానికి లేదా?

ఇప్పుడు నా సంగతి చెబుతాను. సర్వీసులో ఉన్నన్నాళ్ళు డ్యూటీ ఎక్కేముందు నా ఫోను కండక్టరు సంచిలో వేసేవాణ్ణి. అది నా గొప్ప అనుకునేవాణ్ణి. రిటైరైన మరుసటి సంవత్సరం మా ఇంట్లో పెళ్ళి. మా తమ్ముడి కొడుకు సామాను తీసుకొని సాయంత్రం పూట నంద్యాల నుంచి మోటారు సైకిలు మీద కర్నూలుకు వస్తున్నాడు. నేను మూడుసార్లు ఫోను చేశాను. రెండుసార్లు తీయలేదు. మూడోసారి "పెదనాన్న ఫోను, తీయకపోతే బాగుండదు" అని తీశాడు. నేనడిగింది ఒక్కటే, "కహా తక్ ఆయే బేటా?" వాడు జవాబు చెబుతుండగానే పెద్ద చప్పుడు వినపడింది. ముందు వెనకలైటు లేని ట్రాక్టరు ట్రాలీ ఉంది. వాడు చూడలేదు.

ప్రాణం దక్కింది. కాలిలో రాడ్డు వేశారు. వాడు ఇళ్ళలో బండలు పరిచే పనివాడు. గొంతుకు కూర్చోలేనివాడు ఆ పని ఎలా చేస్తాడు? ఇప్పుడు ఒక దుకాణంలో లెక్కలు రాస్తున్నాడు, వచ్చేది సగం జీతం. ఈ సభలోనే కూర్చున్నాడు. వాణ్ణి అడిగే ఈ మాట చెబుతున్నాను. వాడు నన్ను ఒక్కనాడూ నిందించలేదు. బండి నడిపింది వాడే, కాని ఆ ఫోను చేసింది నేను.

అందుకే డ్రైవర్లకంటే ముందు ఇంట్లో ఉన్నవారికి నా మనవి. మనవాడు బండి మీద ఉన్నాడని తెలిస్తే ఫోను చేయకండి. తెలియక చేస్తే మొదటి మాటగా "బండి మీదున్నావా?" అని అడగండి, అవునంటే పెట్టేయండి. ఫోను తీయలేదని అలగవద్దు, మర్యాద తప్పాడని అనవద్దు. తీయకపోవడమే మర్యాద. నడిపేవారు ఎక్కేముందు ఫోను మూగబెట్టి సంచిలోనో డిక్కీలోనో పెట్టండి. తప్పనిసరైతే బండి పక్కకు ఆపి, దిగి మాట్లాడండి. రెండు నిమిషాలు ఆలస్యమైతే పెళ్ళి ఆగదు.

 అందరూ క్షేమంగా ఇళ్ళకు చేరండి. చేరిన తర్వాతే ఫోను చేసి చెప్పండి.