గాయకుని మాట – పత్రికల తీర్పు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)

 

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయపు బల్లపై ప్రతి ఉదయమును పత్రికలు పరచబడుచున్నవి. మన యూసుఫ్‌గూడ, కృష్ణానగరు వీథులలో సినిమా పాటనే నమ్ముకొని బ్రతుకు వాద్యకారులును బృందగాయకులును ఎందరో కలరు. కావున పాటకును పత్రికకును నడుమ సాగుచున్న ఒక తగవును గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

గాయకుడు ప్రభుత్వమును గూర్చియో, కులమును గూర్చియో నోరు విప్పినంతనే, ‘పాడువానికి రాజకీయము లెందుకు?’ అని కొన్ని పత్రికలును టెలివిజను చర్చలును విరుచుకొని పడుచున్నవి. ఈ ప్రశ్న మన సంప్రదాయమున పుట్టినది కాదు. బుర్రకథను చూడుడు. నడుమ కథకుడు, ఇరుప్రక్కల వంతలు. ఒక వంతది హాస్యము. రెండవ వంతది రాజకీయము. నాటి విషయములపై వ్యాఖ్యానించుటకే వేదికపై ఒక మనిషికి చోటు కల్పించిన కళ యిది! షేక్ నాజరు గారు ఈ కళతో ఊరూర జనమును మేల్కొల్పిరి. మద్రాసు ప్రభుత్వమును నైజాము ప్రభుత్వమును బుర్రకథను నిషేధించినవి. అంతకు పూర్వమే, 1920 దశకమున, గరిమెళ్ళ సత్యనారాయణ గారు తమ పాటకై చెరసాల కేగిరి. నేడు వారిని అందరును కీర్తించుచున్నారు. గతించిన గాయకుని పొగడుట సులభము. ఎదుట నిలిచి పాడువానిని సహించుటయే కష్టము.

గద్దరు గారి జీవితమే ఇందుకు నిదర్శనము. 1949లో తూప్రానులో జన్మించి, జననాట్యమండలి ద్వారా పల్లెపల్లెకును పాటను చేర్చిరి. 1997 ఏప్రిల్ 6న ఆల్వాలులో వారి యింటివద్దనే వారిపై కాల్పులు జరిగెను. ఒక గుండు కడవరకు వారి దేహముననే యుండెను. ‘ఒరేయ్ రిక్షా’ చిత్రములోని పాటకు వచ్చిన నంది పురస్కారమును వారు స్వీకరింపలేదు. ఎన్నికల బాట పట్టి 2018లో తొలిసారి ఓటు వేసినప్పుడు పూర్వపు సహచరులే కొందరు నొచ్చుకొనిరి. 2023 ఆగస్టు 6న వారు మరణింపగా, ప్రభుత్వ లాంఛనములు తగవని కొందరు అభ్యంతరము చెప్పిరి. 2025 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వము చలనచిత్ర పురస్కారములను వారి పేరిటనే ప్రదానము చేసెను.

ఇచట న్యాయముగా ఒక మాట చెప్పవలెను. సాయుధ పోరాటముల హింసలో ఆప్తులను కోల్పోయినవారు, ఆ మార్గమును కీర్తించిన పాటను నిలదీయుటలో తప్పులేదు. అట్టి ప్రశ్నకు ఏ గాయకుడైనను బదులీయవలసినదే. వేదిక నెక్కినవాడు విమర్శకు అతీతుడు కాడు. కాని వాదమును ఖండించుట వేరు, ‘నీవు పాడుము, మాటాడకుము’ అనుట వేరు. మొదటిది విమర్శ, రెండవది పౌరసత్వమును కాదనుట.

పొరుగున చెన్నపట్టణపు కర్ణాటక విద్వాంసులు టి.ఎం. కృష్ణ గారి సంగతి చూడుడు. 2018 నవంబరులో ఢిల్లీలో వారు పాడవలసిన కచేరి, సామాజిక మాధ్యమములలో దూషణలు చెలరేగిన పిమ్మట వాయిదా పడెను. ఢిల్లీ ప్రభుత్వము వేరొక చోట వారిచే పాడించెను. 2024లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదునకు వారిని ఎన్నుకొనగా, కొందరు విద్వాంసులు తమ కచేరీలను విరమించుకొనిరి. అట్లు విరమించుకొనుటయు వారి హక్కే. కాని ఆ కోలాహలములో వారి సంగీతమును గూర్చి జరిగిన చర్చ యెంత? అమెరికాలో పాల్ రోబ్సన్ వంటి మహాగాయకుని పాస్‌పోర్టును సయితము 1950 నుండి 1958 వరకు ప్రభుత్వము నిలిపివేసెను.

పేరుగలవారు ఈ దాడులను తట్టుకొనగలరు. కాని మన వీథిలోని బృందగాయకుడో, తబలా వాయించువాడో అది చూచి ఏమి నేర్చుకొనును? రేపటి పిలుపు రాదేమో యని నోరు మూసికొనును. అతని మౌనము ఏ పత్రికలోను వార్త కాదు. అసలు నష్ట మదియే.

కావున చదువరులకు నా విన్నపము. గాయకుని నిందించు వ్యాసము కనబడినప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనుడు. అతడు పలికిన మాటను పూర్తిగా అచ్చువేసిరా? దానికి సమాధానము చెప్పిరా, లేక మనిషినే తిట్టిరా? అతడు తమ పక్షమున పాడియున్నచో ఈ వ్రాతయే వ్రాసియుందురా? ఈ మూడింటికిని బదులు దొరకనిచో, ఆ పత్రికను మడిచి ప్రక్కనుంచి, ఈ బీరువాలోని పాటల పుస్తకము నొకదానిని తెరువుడు. తీర్పు మీదే.