సాహిత్య పరీక్షకు ఇంటివారి సాయము
(పదవ తరగతి విద్యార్థుల తలిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుని ప్రసంగము)



శాలాంత పరీక్షకు ఇంక కొలది వారములే యున్నవి. గణితము, శాస్త్రములన్న మీకు దిగులు, అది సహజమే. తెలుగు పత్రము మాట యెత్తినంతనే, "మన మాటే కద సారూ, ఎట్లనో రాస్తడు" అనుట మేము ఏటేట వినుచున్నాము. పిల్లలు ఎక్కువగా చిక్కుపడునది అచ్చటనే. ఒక్క పత్రము తప్పి మగ్గమెక్కిన పిల్లవాడు మరల బడికి వచ్చుట అరుదని మీకు వేరుగ చెప్పనక్కరలేదు.

మన షోలాపురపు తెలుగులో మరాఠీ కలదు, హిందీ కలదు. తాతలు తెలంగాణమునుండి మగ్గముతోపాటు తెచ్చిన పలుకుబడి యది. దానిని మేము చిన్నచూపు చూడము. అయితే జవాబు పత్రమున వ్రాయవలసిన తెలుగు వేరు. ఈ రెంటి నడుమ నున్న దూరమునకు జంకి పిల్లలు బజారు గైడును ఆశ్రయింతురు. గైడులోని జవాబు కంఠస్థమగును. ప్రశ్నలో ఒక్క మాట మారినచో కలము నిలిచిపోవును.

మొన్న అమెరికా రచయిత ఓ. హెన్రీ కథ నొకదానిని తెలుగున చెప్పి పిల్లలచే వ్రాయించితిమి. అది 1905లో వెలువడిన కథ. క్రిస్మసు ముందునాడు ఒక బీద ఇల్లాలి చేత 1 డాలరు 87 సెంట్లు మాత్రమే యుండును. భర్త గడియారమునకు గొలుసు కొనుటకై ఆమె తన పొడవైన జుట్టు అమ్ముకొనును. ఆమె జుట్టునకు దువ్వెనలు కొనుటకై అతడు గడియారమునే అమ్మివేసియుండును. ఆ చిల్లరను ఆమె మూడుమారులు లెక్కించుట ఎందుకని అడిగితిమి. కథాసారము చక్కగా వ్రాసినవారు సైతము ఈ ప్రశ్నను విడిచిరి. ఒక బాలిక మాత్రము, "ఇంకొక పైస దొరుకునేమోనని ఆశ. మా అమ్మ బీడీల కూలి అట్లనే లెక్క పెడుతుంది" అని వ్రాసినది. అక్షరదోషములు రెండున్నను పూర్తి మార్కు లిచ్చితిమి. ఆ పిల్ల కథను చదివినది!

కనుక చదువు రాని తల్లియైనను సాయపడగలదు. బీడీలు చుట్టుచునే, రాత్రి ఒక పాఠమును కథవలె చెప్పమనుడు. నడుమ నడుమ "ఎందుకట్ల చేసెను?" అని యడుగుడు. చెప్పినదానిని పిల్లవాడు అప్పుడే పది పంక్తులు వ్రాయవలెను. వానిని మేము దిద్దెదము. ప్రథమ భాషలో వ్రాత పరీక్షకు 80 మార్కులు, మౌఖికముతో కూడిన అంతర్గత మూల్యాంకనమునకు 20. నోటితో చెప్పిన అభ్యాసము రెంటికిని పనికివచ్చును. పరీక్షలు ముగియువరకు సాయంకాలపు వేళ కండెలు చుట్టుటకు పిల్లలను కూర్చుండబెట్టకుడు. కూలి కొంత తగ్గునని యెరిగియే ఈ మాట యనుచున్నాము.

ఇంటిలోనే మరమగ్గములు ఆడు కుటుంబముల పిల్లలకై, రేపటినుండి సాయంకాలము 7 మొదలు 9 గంటలవరకు బడిలో రెండు గదులు తెరచియుంచెదము. ఆడపిల్లలను తోడ్కొనిపోవుటకు ఇంటి పెద్ద యొకరు రావలెను. సభ ముగియగానే గుమాస్తాగారి యొద్ద పేర్లు వ్రాయించుడు.